షాబాదు బండల మీద కుక్కపిల్ల



రాయచూరు జిల్లాలో పాత ఇళ్లలో చాలావాటికి నేలంతా షాబాదు బండలే. కలబురగి జిల్లాలోని షాబాదు ఊరి పేరుతో వచ్చిన సున్నపురాయి అది. ఎండాకాలం మధ్యాహ్నం దాని మీద చాప లేకుండా పడుకుంటే ఒళ్లు చల్లబడుతుంది. ఇంటికి కొత్తగా వచ్చిన రెండు నెలల కుక్కపిల్ల కూడా మొదటిరోజే ఆ సంగతి కనిపెడుతుంది. పొట్ట నేలకు ఆనించి, వెనక కాళ్లు కప్పలా చాపి పడుకుంటుంది. పిల్లలు చుట్టూ మూగుతారు, నాన్నమ్మ కూడా కుర్చీలోంచి వంగి చూస్తుంది. పావుగంట గడిచేసరికి అదే బండ మీద చిన్న మడుగు కడుతుంది. చుట్టూ మూగినవాళ్లు ఒక్కొక్కరే పక్కకు తప్పుకుంటారు. గుడ్డ కోసం వంటింట్లోకి వెళ్లేది ఒక్కరే.

ఆ ఒక్కరు ఎవరన్నది కుక్కపిల్ల రాకముందే తేల్చుకోవాలి. ఏ జాతి, ఎంత ధర, ఏం పేరు అన్నవి ఆ తర్వాతి మాటలు.

షాబాదు బండ గట్టిదే గానీ తడి పీలుస్తుంది. బండకూ బండకూ మధ్య సందులో ఉచ్చ దిగితే పైన ఎంత తుడిచినా వాసన కిందనే ఉండిపోతుంది. మనిషి ముక్కుకు అందని ఆ వాసన కుక్క ముక్కుకు అందుతుంది. మర్నాడు వెతుక్కుంటూ వచ్చి సరిగ్గా అక్కడే పోస్తుంది. చాలా ఇళ్లలో దీనికి విరుగుడు ఫినాయిల్. అది వాసనను కప్పుతుందే తప్ప తీసెయ్యదు, పైగా పిల్ల ఆ తడిలో నడిచి తన పాదాలను నాకుతుంది. ఇంకొందరు స్నానాల గది కడిగే యాసిడ్ తెచ్చి పోస్తారు. సున్నపురాయి మీద యాసిడ్ పడితే నురగలు కక్కుతూ బండ పైపొరను తినేస్తుంది, గరుకుదేలిన చోట మురికి మరింత గట్టిగా పట్టుకుంటుంది. ఫోన్‌లో చూసి వెనిగర్ వాడే వాళ్లకూ ఇదే జరుగుతుంది, అదీ ఆమ్లమే కదా. ముందు పాత నూలుగుడ్డతో అద్ది తీయాలి. మామూలు నీళ్లతో రెండుసార్లు కడగాలి. ఉచ్చ వాసనను విరగ్గొట్టే ఎంజైము ద్రావణాలు పెంపుడు జంతువుల సామాన్ల కొట్లలో దొరుకుతాయి, వాటిలో ఒకటి పోసి దానంతట అదే ఆరేదాకా వదిలెయ్యాలి. రాతినేల ఉన్న ఇంటికి నప్పే పద్ధతి ఇది.

ఇదంతా ఎన్నిసార్లు? రెండు నెలల పిల్ల రెండు మూడు గంటలకు మించి ఆపుకోలేదు. నిద్ర లేవగానే ఒకసారి, తిన్న కాసేపటికి ఒకసారి, ఆడి ఆడి ఆగినప్పుడు ఇంకొకసారి. రాత్రి రెండింటికి కూడా. బయటికి తీసుకెళ్లి, అక్కడే పోసేదాకా ఓపిగ్గా నిలబడి, పోసిన మరుక్షణం మెచ్చుకుని ఓ చిన్న ముక్క పెడితే నాలుగు నుంచి ఆరు నెలల్లో చాలావరకు అలవాటవుతుంది. ముక్కు పట్టుకుని మడుగులో రాయడం, చీపురుతో కొట్టడం ఇప్పటికీ కనిపించే పద్ధతులు. వాటితో కుక్కపిల్ల ఒక్కటే నేర్చుకుంటుంది: మనుషులు చూడని చోట, బీరువా వెనకాలో బియ్యం బస్తాల పక్కనో పోయాలని. అప్పుడు వాసన వస్తుంది గానీ చోటు దొరకదు.

ఈ ప్రాంతానికి కుక్క కొత్త కాదు. మైలారలింగడి భక్తులైన గొరవయ్యలు దేవుడి ముందు తామే కుక్కలమని మొరుగుతారు. అటు తెలుగునేలలో మల్లన్న గుళ్లలోనూ కుక్కకు దేవుడి పక్కన చోటుంది. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ అంతర్వేదిలో పంట కోసిన చేలల్లో మందలు ఆపే కురుబల వెంట కుక్క లేకుండా ఉండదు. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయి ఎడమ కాలువకు నీళ్లు వచ్చాక కోస్తా జిల్లాల నుంచి రైతు కుటుంబాలు సింధనూరు, మాన్వి తాలూకాలకు వలస వచ్చి క్యాంపులు కట్టుకున్నాయి. ఆ క్యాంపుల్లోనూ కళ్లానికి, ధాన్యపు రాశికి కుక్కే కాపలా. కానీ ఆ కుక్క ఎక్కడ పడుకునేది? గడ్డివాము కింద. ఎక్కడికి వెళ్లేది? కాలువగట్టు దాటి తుమ్మచెట్ల చాటుకు. దాని మురికి ఎండకు ఎండి, వానకు కొట్టుకుపోయేది. అందుకే మా తాత రోజుల్లో నాలుగు కుక్కలుండేవి, ఏ ఇబ్బందీ లేదు అని చెప్పేవాళ్ల మాట అబద్ధం కాదు. ఆ మాట గడప బయటి కుక్కకు సరిపోతుంది. ఇప్పుడు కుక్క గడప లోపలికి వచ్చింది, దాంతోపాటు దాని ఉచ్చ, వాంతి, బొచ్చు, పిడుదులు అన్నీ లోపలికి వచ్చాయి.

పిడుదుల గురించి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. చాలామంది కుక్కను వదిలించుకునేది ఇక్కడే.

రాయచూరు వేసవిలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. వెచ్చటి ఊళ్లంటే కుక్క పిడుదుకు మహా ఇష్టం. రక్తం తాగి శెనగ గింజంత ఉబ్బిన ఆడ పిడుదు కుక్క మీద గుడ్లు పెట్టదు. కిందికి రాలి, గోడ పగుళ్లలోనో తలుపు చట్రం వెనకో దూరి వేల గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. కొన్ని వారాలకు గోడ మీద సన్నటి చుక్కలు పైకి పాకుతుంటాయి. కుక్కకు ఎంత స్నానం చేయించినా మళ్లీ మళ్లీ వస్తున్నాయని విసుక్కునే ఇంట్లో అసలు శత్రువు కుక్క మీద లేదు, గోడలో ఉంది. కుక్కకు వైద్యుడు చెప్పిన మందు, గోడ పగుళ్లకు సిమెంటు, కుక్క పడుకునే గోనెపట్టా వారం వారం వేడినీళ్లలో ఉడకబెట్టడం మూడూ ఒకేసారి జరగాలి, అదీ నెలల తరబడి. పత్తి చేను మీద కొట్టగా మిగిలిన పురుగుమందును నీళ్లలో కలిపి కుక్క ఒంటికి పూసేవాళ్లు ఈ జిల్లా పల్లెల్లో ఇంకా ఉన్నారు. ఎంత కలపాలన్నది వాళ్లకు తెలియదు, ఆ మందు చర్మంలోంచి ఇంకుతుంది, కుక్క దాన్ని నాకుతుంది. చొంగ కారుస్తూ, వణుకుతూ గంటల్లో చచ్చిపోయిన కుక్కలున్నాయి. పిడుదును గోళ్లతో చిదపడమూ తప్పే. పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టుకుని నిటారుగా లాగి సబ్బునీళ్లలో వెయ్యాలి. పిడుదు కాటుతో వచ్చే ఎర్లిషియా అనే జబ్బులో రక్తాన్ని గడ్డకట్టించే కణాలు పడిపోతాయి. జ్వరం, తిండి మానెయ్యడం, ఒక్కోసారి ముక్కులోంచి రక్తం. దిష్టి తగిలిందని నిమ్మకాయ తిప్పుతూ కూర్చుంటే చేజారిపోయే జబ్బు ఇది, వేళకు పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్తే మందులకు లొంగుతుంది.

ఎండాకాలానిది ఇంకో ఇబ్బంది. కుక్కకు మనిషిలా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల అడుగున కొద్దిగా తప్ప. నాలుక బయటపెట్టి రొప్పడమే దాని ఫ్యాను. 2003 ప్రాంతంలో హచ్ అనే ఫోన్ కంపెనీ టీవీ ప్రకటనలో పిల్లాడి వెనకాలే నడిచిన పగ్ జాతి కుక్క దేశమంతా ఇంటింటికీ పరిచయమైంది. తెలుగువాళ్లు ఇప్పటికీ దాన్ని హచ్ కుక్క అనే పిలుస్తారు. చప్పిడి ముక్కు, పెద్ద కళ్లు, మడతలు పడ్డ మొహం. ఆ ముక్కు వల్లనే అది సరిగ్గా రొప్పలేదు, మే నెల మధ్యాహ్నం దానికి ప్రాణగండం. మొహం మడతల్లో తేమ నిలిచి పాచి పడుతుంది, రోజూ మెత్తటి గుడ్డతో ఒక్కో మడతా విప్పి తుడిచి ఆరబెట్టాలి. ప్రకటన నిడివి నిమిషమే కాబట్టి ఆ తుడవడం అందులో కనబడలేదు. మంచుదేశపు హస్కీని తెచ్చి ఏసీ గదిలో ఉంచేవాళ్లకు రెండు పొరల బొచ్చు ఏడాదికి రెండుసార్లు దూదిలా గుట్టలుగా రాలడం ఎదురవుతుంది. పత్తి మార్కెట్టుకు పేరుపడ్డ రాయచూరులో దూదిపింజలు ఎగరడం కొత్త కాదు గానీ అన్నం కంచంలో ఎగరడం వేరు.

ఈ నేలకు పుట్టిన జాతి కావాలంటే దూరం పోనక్కర్లేదు. ముధోళ్ వేటకుక్కది బాగలకోటె జిల్లా. రాయచూరు జిల్లా లింగసుగూరు తాలూకాలోని ముద్గల్ కోట వేరు, ఈ ముధోళ్ వేరు. ముధోళ్ సంస్థానాధీశుడు మాలోజీరావు ఘోర్పడే ఈ జాతిని కాపాడి పెంచాడు. 2005లో తపాలా శాఖ నాలుగు దేశీ జాతుల మీద బిళ్లలు వేసినప్పుడు అందులో ముధోళ్ ఒకటి. ముధోళ్ దగ్గరి తిమ్మాపురలో కర్ణాటక పశువైద్య విశ్వవిద్యాలయం వారి శునక పరిశోధన కేంద్రం ఉంది, భారత సైన్యం కూడా ఈ కుక్కల్ని తీసుకుని మీరట్‌లో తర్ఫీదు ఇచ్చింది. పొట్టి బొచ్చు, సన్నటి ఒళ్లు, ఎండకు తట్టుకుంటుంది, బొచ్చు రాలడం తక్కువ. అయితే దాని తంటా దానికుంది. పరుగు దాని నెత్తురులో ఉంది. పొద్దున్నా సాయంత్రమూ విశాలమైన చోట పరిగెత్తించకపోతే ఇంట్లో మంచం కోళ్లు, చెప్పులు, సోఫా దూది చీల్చి పోగులు పెడుతుంది. వదిలేస్తే పక్కింటి కోడిని, వీధిలో మేకపిల్లను తరుముతుంది. ఆ మేకపిల్ల ఒక పేద కుటుంబానికి బక్రీదుకో జాతరకో దాచుకున్న డబ్బు.

వానాకాలం గురించి క్యాంపు రైతులకు చెప్పనక్కర్లేదు. నల్లరేగడి ఒకసారి కాలికి అంటుకుంటే అంత తొందరగా వదలదు. కుక్క వేళ్ల సందుల్లో అదే మట్టి ఎండి రాయిలా గట్టిపడుతుంది, నానబెట్టి వేళ్లతో తీయాలి. చేను గట్ల మీద పల్లేరుకాయలు, కర్ణాటకలో బళ్లారి జాలి అనే సర్కారు తుమ్మ ముళ్లు. కుక్క కుంటుతూ వస్తే ముందు చూడాల్సింది పాదం అడుగున.

వరి మళ్లున్న చోట కుక్కకు తప్పనిసరిగా వేయించాల్సిన టీకాల్లో ఎలుక జ్వరానిది ఒకటి. లెప్టోస్పైరా అనే ఆ క్రిమి ఎలుకల ఉచ్చలో ఉంటుంది, మడి నీళ్లలో కలుస్తుంది, నాట్లు వేసే మనుషుల కాళ్ల పగుళ్లలోంచి ఒంట్లోకి దూరుతుంది. ఆ నీళ్లు తాగిన కుక్కకూ సోకుతుంది, దాని ఉచ్చలోంచి మళ్లీ ఇంటి నేల మీదికి వస్తుంది. కుక్కపిల్లలకు వేసే కలగలుపు టీకాల్లో కొన్నింటిలో ఈ జబ్బుకూ రక్షణ ఉంటుంది. ఏ టీకా వేస్తున్నారో అడిగి తెలుసుకోవాలి. ఎలుకల కోసం గట్ల మీద పెట్టే మందు ఎరలకూ, ఆ ఎర తిని చచ్చిన ఎలుకలకూ కుక్కను దూరంగా ఉంచడం ఇంకో పని.

మలం సంగతి మాట్లాడటానికి మొహమాటపడతాం గానీ కుక్కను పెంచడంలో సగం చదువు అదే. తల్లి కడుపులో ఉండగానే పిల్లకు ఏలికపాములు సోకుతాయి, అందుకే పుట్టిన కొద్ది వారాల నుంచే పక్షానికోసారి పురుగుల మందు, మూడు నెలలు దాటాక నెలకోసారి, ఆరు నెలల తర్వాత వైద్యుడు చెప్పిన వ్యవధిలో. ఆ పురుగుల గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతికి ఉంటాయి. మట్టిలో ఆడి చెయ్యి నోట్లో పెట్టుకునే రెండేళ్ల బిడ్డకు అవే చేరతాయి. కొంకిపురుగు పిల్లలు చెప్పుల్లేని కాలి చర్మంలోంచే దూరుతాయి. అందుకని కుక్క మలాన్ని పెరట్లో ఆకుకూర మడికి ఎరువుగా వెయ్యకూడదు. అది ఆవుపేడ లాంటిది కాదు. గొయ్యి తీసి లోతుగా పూడ్చాలి, లేదా కవరులో మూటగట్టి చెత్తబండిలో వెయ్యాలి.

వీధి మీద వదిలేస్తే ఏమవుతుంది? తెల్లవారి పౌరకార్మికురాలి చీపురు కిందికి వస్తుంది. ముద్దు చేసేది ఒకరు, దాని మురికి ఎత్తేది ఇంకొకరు కావడం కన్నా అన్యాయం కుక్కల పెంపకంలో వేరే లేదు. ఇంట్లోనూ అంతే. గిన్నెలు తోమి, ఇల్లు ఊడవడానికి కుదుర్చుకున్న మనిషి చేత అదే జీతానికి కుక్క విరేచనాలు ఎత్తించడం ఈ సమాజంలో ఏ గాయాన్ని కెలుకుతుందో తెలియనిది కాదు. న్యూయార్క్ నగరంలో 1978 ఆగస్టు నుంచి యజమాని తన కుక్క మలాన్ని తానే ఎత్తాలన్న చట్టం అమల్లోకి వచ్చింది. మొదట్లో గట్టి వ్యతిరేకత వచ్చింది, తర్వాత అది అలవాటుగా మారింది. హైదరాబాదు కొండాపూర్‌లో 2018లో కుక్కల కోసమే ఒక పార్కు తెరిచారు. రాయచూరులో, సింధనూరులో పొద్దున్నే గొలుసు పట్టుకుని నడిచే వాళ్ల రెండో చేతిలో ఓ పాత కాగితం, ఓ కవరు కనబడటానికి చట్టం దాకా పోనక్కర్లేదు.

అన్నిటికన్నా భయంకరమైన మురికి జబ్బులో వస్తుంది. పార్వో అనే వైరస్ 1978 ప్రాంతంలో ప్రపంచమంతా బయటపడింది. టీకాలు పూర్తికాని పిల్లకు సోకితే ఆగని వాంతులు, నెత్తురు కలిసిన విరేచనాలు. ఆ వాసన ఒకసారి చూసినవాళ్లు మరిచిపోరు. మూడు నాలుగు రోజులు గంట గంటకీ గుడ్డలు మార్చాలి, సెలైన్ కోసం రోజూ ఆసుపత్రికి మోసుకెళ్లాలి, అయినా బతుకుతుందన్న హామీ లేదు. పిల్ల పోయినా వైరస్ ఆ ఇంటి మట్టిలో ఏడాది దాటి కూడా బతుకుతుంది. దుఃఖం మరవడానికి వెంటనే ఇంకో పిల్లను తెచ్చుకున్న ఇళ్లలో ఆ పిల్లా అదే దారిన పోతుంది. ఇలాంటి చోట బ్లీచింగ్ ద్రావణమే పనిచేస్తుంది, ఫినాయిల్ కాదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. నెల రోజుల పిల్లను అట్టపెట్టెలో పెట్టి అమ్మేవాళ్ల దగ్గర కొనడం అంటే చాలాసార్లు ఈ జబ్బును కొనుక్కోవడమే.

ఇక పిచ్చికుక్క కాటు వల్ల వచ్చే రేబిస్. లక్షణాలు కనబడ్డాక మనిషిని బతికించే వైద్యం దాదాపు లేదు. ఏటా ప్రపంచంలో 59,000 మంది దీనివల్ల చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు అన్న భయం పాత తరంలో ఇంకా ఉంది. గొర్రె మెదడు నుంచి చేసే ఆ పాత టీకాను మన దేశంలో 2005 నాటికే మానేశారు, ఇప్పుడు ఇచ్చేది చేతికి, కొన్ని డోసులే. కరిచిన చోట కారం, సున్నం, పసరు పూయడం ప్రాణం మీదికి తెస్తుంది. కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి పోవాలి. ఆడుతూ పంటి గాటు పెట్టిన సొంత కుక్కపిల్ల విషయంలోనూ మన పిల్లే కదా అని ఊరుకోకూడదు. మూడు నెలల వయసులో రేబిస్ టీకా, ఆ తర్వాత వైద్యుడు చెప్పినట్టు బూస్టరు, ఆపైన ఏటేటా. ఆ కార్డును రేషను కార్డంత భద్రంగా దాచాలి.

ఆడకుక్క ఉన్న ఇంట్లో ఆరు నెలలకో, తొమ్మిది నెలలకో అది ఎదకొస్తుంది. రెండు మూడు వారాలు నేల మీద నెత్తురు చుక్కలు, గేటు బయట వీధి కుక్కల కొట్లాట, రాత్రంతా ఊళలు. చూలు కడితే 63 రోజుల్లో ఈనుతుంది. ఆ పిల్లల్ని గోనెసంచిలో కట్టి కాలువగట్టున వదిలేసి వచ్చే దారుణం ఇలాంటి ఇళ్ల నుంచే మొదలవుతుంది. ముందే సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయిస్తే ఇవన్నీ తప్పుతాయి.

మరి కుక్క ఎన్నేళ్లు ఉంటుంది? పది నుంచి పద్నాలుగేళ్లు. నేనే చూసుకుంటానని అమ్మకు ఒట్టేసిన ఎనిమిదో తరగతి పిల్లాడు ఐదేళ్లలో ఇంజినీరింగుకి బెంగళూరో హైదరాబాదో వెళ్లిపోతాడు. కుక్క మాత్రం మోకాళ్ల నొప్పులున్న తల్లి దగ్గర ఉండిపోతుంది. దానికీ ముసలితనం వస్తుంది. చూపు మందగించి, నిద్రలోనే పక్క తడుపుకుంటుంది, ఆపైన తప్పు చేసినట్టు తల వంచి చూస్తుంది. చిన్నప్పుడు రెండు గంటలకోసారి బయటికి తీసుకెళ్లిన పనే మళ్లీ మొదలవుతుంది, ఈసారి మెట్ల మీద ఎత్తుకుని దింపాలి. పన్నెండేళ్లు తోడున్న ప్రాణికి ఆ చివరి ఏడాది శుభ్రత ఎంత ముఖ్యమో ఆ తల్లులకు తెలుసు. ఇలాంటి ఇళ్లలో కుక్క తలకింద రెండు మడతలు పెట్టిన పాత చీర కనబడుతుంది.

సిద్ధంగా ఉన్నామా లేదా అన్నది కుక్కను తేకుండానే కొంతవరకు తెలుసుకోవచ్చు. ఉగాది దాటాక, నల్లా నీళ్లు సన్నబడే రోజుల్లో, ఇంట్లో అందరూ కూర్చుని వారం రోజులు ఒక పని చేసి చూడాలి. తలుపు పక్కన ఒక బకెట్టు నీళ్లు, రెండు నూలుగుడ్డలు, ఒక చేట, పాత పేపర్ల కట్ట పెట్టాలి. రాత్రి రెండింటికి, తెల్లవారి ఐదింటికి ఫోన్‌లో అలారం. ఆ అలారానికి వంతులవారీగా లేవాలి, చెప్పులేసుకుని వీధి గేటు దాకా పోయి పది నిమిషాలు నిలబడాలి, వచ్చి వరండా బండలు రెండుసార్లు తడిగుడ్డతో తుడవాలి. పగలు ఇల్లు తాళం వేసి ఎన్ని గంటలు వెళ్తున్నారో కాగితం మీద రాసుకోవాలి. పెళ్లికో మంత్రాలయం యాత్రకో పోవాల్సి వస్తే కుక్కను ఎవరి దగ్గర వదులుతారో ఆ మనిషిని ఇప్పుడే అడగాలి. తాలూకా పశువైద్యశాలకు ఒకసారి నడిచి వెళ్లి, ఏ వేళల్లో తెరుస్తారో, కుక్కలకు ఏ టీకాలు వేస్తారో కనుక్కోవాలి.

వంతులు అయిపోయాక, ఎనిమిదో రోజు రాత్రి రెండింటికి కూడా అలారం మోగినప్పుడు ఎవరు లేచారో ఇంట్లో అందరికీ తెలుస్తుంది. ఇద్దరు లేచిన ఇంట్లో పిల్లను తెచ్చుకోవచ్చు. ఒక్కరే లేస్తే ఆ ఒక్కరినే అడగాలి, పన్నెండేళ్లు ఇలా లేవడం ఇష్టమేనా అని. ఎవరూ లేవని ఇంట్లో కూడా చెయ్యగలిగింది ఉంది. గేటు పక్కన నీడలో మట్టి మూకుడు నిండా నీళ్లు పెట్టి, వీధిలో ఉన్న కుక్కకు రేబిస్ టీకా వేయించడానికి ఆ పశువైద్యశాల వాళ్లనే పిలవొచ్చు.